వేలి కణుపంత మందు

వియ్యపురాలు వచ్చి వారం కాలేదు, నానమ్మకి ఆవిడ నీడ కూడా గిట్టడం లేదు. కారణం మనవరాలి మోచేతి మడతలు. నెలల తరబడి ఎగ్జిమాతో ఎర్రబడి, గోకి గోకి రసి కారిన ఆ మడతలు వియ్యపురాలి చేతిలో ఇట్టే నెమ్మదిస్తున్నాయి.

"బొంగరం, రామ్మా, మందు రాస్తా," అని మనవరాలిని పిలిచింది నానమ్మ.

"వద్దు. అమ్మమ్మ రాస్తేనే దురద పోతుంది," అంది బొంగరం. నాలుగేళ్ళ పిల్లకి మొహమాటం ఎక్కడిది?

నానమ్మ ట్యూబు మూత విసురుగా బిగించింది. కోడలు పోస్టాఫీసు ఉద్యోగానికి వెళ్తే పొద్దంతా పిల్లని సాకింది ఎవరు? అదే ట్యూబు, డాక్టరు చెప్పిన అదే లెక్క: రోజుకొకసారి, రెండు అరచేతులంత మేరకి వేలి మొదటి కణుపంత. పైగా కోడలు నిన్న అననే అంది: "మా అమ్మది మంచి హస్తవాసి అత్తయ్యా. బడి తెరిచేదాకా దీన్ని అమ్మతో వాళ్ళూరికి పంపుదామనుకుంటున్నాం." ఆదివారమే ప్రయాణం. నానమ్మ ఇప్పటికే చాలామందిని గుమ్మం దాకా సాగనంపింది. ఈ పిల్లని కూడానా?

మర్నాడు పిల్లకి స్నానం కాగానే తలుపు సందులోంచి తొంగి చూసింది. వియ్యపురాలు తన చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా మందు వత్తింది.

నానమ్మ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. "వదినగారూ, స్టెరాయిడ్ అది! అంత పూస్తే చర్మం ఉల్లిపొర అయిపోదూ?"

"డాక్టరు చెప్పినంతే కదా. మీరెంత రాసేవారు?"

"కణుపంతే. ఇదిగో," అని బొంగరం బుల్లి వేలు పట్టి చూపించింది.

ముప్పై ఏళ్ళు బడిలో కుట్టుపని నేర్పిన వియ్యపురాలు నవ్వు ఆపుకోలేకపోయింది. "కొలత పెద్దవాళ్ళ వేలిది వదినగారూ! చీమ జానతో చీర కొలిచారు!"

నానమ్మ మొహం మాడిపోయింది. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, పిల్ల పోతుంది. సాయంత్రం కోడలు చెప్పులు విప్పేలోపే అనేసింది: "హస్తవాసీ లేదు, గిస్తవాసీ లేదు. పిల్ల వేలితో కొలిచాను. తప్పు నాదే. దాన్ని పంపకమ్మా."

కోడలు ట్యూబు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. "సరే అత్తయ్యా. రేపట్నుంచి మీ వేలితో కొలిచి రాయండి."

ఆదివారం వియ్యపురాలు ఒక్కతే ఆటో ఎక్కింది. బొంగరం గేటు పట్టుకుని, "అమ్మమ్మా!" అని వీధి దద్దరిల్లేలా ఏడ్చింది. నానమ్మ ఎత్తుకుంది. మెడ మీద పడుతున్న వేడి కన్నీళ్ళు తుడుస్తూ, తను ఊరెళితే ఇందులో సగమైనా ఏడుస్తుందా అని లోలోపల ఉడికిపోయింది.