అడ్డంకి: మా ఆయన

రక్తం మరక మీద వేడినీళ్లు పోయకూడదు. పోస్తే మరక బట్టని పట్టేసుకుంటుంది, ఇక ఆ బ్రహ్మదేవుడు దిగొచ్చినా వదలదు. చన్నీళ్లలో నానబెట్టి, కాస్త ఉప్పు రాసి, బొటనవేలితో ఓపిగ్గా రుద్దాలి. తొమ్మిదేళ్లుగా ఒక పెద్ద ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తున్నాను కాబట్టి ఈ విద్య నాకు కొట్టిన పిండి. అక్కడ ఎవరెవరి రక్తమో ఉతుకుతాను. ఆ ఆదివారం పొద్దున మాత్రం మా ఇంటి పెరట్లో బక్కెట్టు ముందు కూర్చుని నా రక్తమే ఉతుక్కుంటున్నాను. దిండు గలీబు మీద, చెవి వెనక నుంచి కారింది.

ముందురోజు భోజనాల దగ్గర నేనన్నది ఒక్కటే మాట. "ఏమండీ, నాకో ఆలోచన వచ్చింది." మా పదకొండేళ్ల పిల్ల హాల్లో టీవీ పక్కన పడుకుంటోంది, దాని మంచం అత్తగారి గదిలోకి మారిస్తే బాగుంటుందని చెప్పబోయాను. అంతదాకా రానివ్వలేదు. "అబ్బో, నీకు ఆలోచనలు కూడా వస్తున్నాయా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. అదీ నా నేరం. చేతిలో ఉన్న స్టీలు గ్లాసుతోనే కొట్టాడు. అత్తగారు కంచంలోంచి తల కూడా ఎత్తలేదు. "ఆడదానికి ఆలోచనలెక్కువైతే అన్నం మాడుతుంది" అంది. ఆ రోజు అన్నం మాడలేదు, మల్లెపువ్వులా ఉంది. ఆవిడ రెండోసారి పెట్టించుకుంది కూడా.

మా ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. ఆయన ఓర్పు గురించి అక్కడ కథలు కథలుగా చెప్పుకుంటారు. "ఫర్వాలేదు మేడమ్, కంగారుపడకండి, క్లచ్ మెల్లగా వదలండి" అని రోజుకి వందసార్లు అంటాడట. బండి తీసుకెళ్లి గోడకి గుద్దినవాళ్లని కూడా పల్లెత్తు మాట అనడట. ఇంటికొచ్చేసరికి ఆ ఓర్పు అడుగంటిపోతుంది. పదమూడేళ్లలో నాకు ఒక్క చెంచాడు మిగల్చలేదు.

ఇప్పుడు అసలు సంగతి. లాండ్రీలో సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయింది. ఆ పోస్టుతో పాటు ఆసుపత్రి వెనక క్వార్టర్సులో ఒక గది ఇస్తారు. ఒకటే గది, మూలగా వంటగట్టు, తలుపుకి లోపలి నుంచి గడియ. జీతం, హోదా అన్నీ తర్వాత. నాకు కావలసింది ఆ గడియ. నేనూ, నా పిల్లా లోపల ఉండి, ఆ గడియ పెట్టుకుని పడుకోవాలి. దానికో షరతు ఉంది. శుక్రవారం మేనేజరు ముందు నిలబడి ఐదు నిమిషాలు ఇంగ్లీషులో ఒక ప్లాను చెప్పాలి. అందుకని ఆ పోస్టుకి పోటీపడుతున్న మా నలుగురికీ వారానికి రెండు మధ్యాహ్నాలు, దుప్పట్లు మడతపెట్టే గదిలో, రిటైరైన టీచరమ్మ ఒకావిడ పాఠాలు చెబుతోంది. పక్కనే రోలరు ఇస్త్రీ మిషను మోగుతుంటే దానికంటే గట్టిగా అరిచి మరీ చెబుతుంది.

ఆరో పాఠం కాగితం మీద 'ప్లాన్లు వేసుకోవడానికీ, ఆలోచనలు పెంచుకోవడానికీ పనికొచ్చే మాటలు' అని ఉంది. ఒక్కో మాటా అర్థం చెబుతుంటే నాకు మతిపోయింది. నలుగురూ కూర్చుని ఆలోచిస్తే అది బ్రెయిన్‌స్టార్మ్, అంటే మెదడులో తుఫాను. ఆలోచనల్ని వరసగా రాస్తే బుల్లెట్లు. చేరాల్సిన చోటు టార్గెట్. ఆఖరి తేదీ డెడ్‌లైన్. మొదలుపెట్టడమంటే కిక్ ఆఫ్, కాలితో తన్నడం. ఎదుటివాడి ఐడియా నచ్చకపోతే షూట్ చేసి కింద పడేయడం. ప్లాన్ వేయమంటే ఈ ఇంగ్లీషువాళ్లు యుద్ధానికి పోతారేమిటి తల్లీ అనుకున్నాను. మనకి ఆలోచన తడుతుంది, పాపం, భుజం మీద తట్టినట్టు. వాళ్లకి ఆలోచన వచ్చి కొడుతుందట. 'ఇట్ హిట్ మీ' అనాలట. "అట్లా అయితే టీచర్‌గారూ, నాకు తగిలినవన్నీ ఆలోచనలే అయితే ఈపాటికి నేను పెద్ద మేధావినై ఉండాలి" అన్నాను. ముగ్గురూ పగలబడి నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. నా మోచేతి మీద కమిలిన మచ్చ ఒకసారి చూసి, చాక్‌పీసు కింద పెట్టి, "హోమ్‌వర్క్ ఇస్తాను రాసుకోండి" అంది.

హోమ్‌వర్క్ ఏమిటంటే, ఇంటికి సంబంధించిన ఒక ప్లాను ఆ మాటలతోనే రాసుకురావడం. ఆవిడ ఇచ్చిన కాగితంలో ఐదు వరసలున్నాయి. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు మనం తెలుగులో నింపాలి. టార్గెట్ దగ్గర 'గది' అని రాశాను. డెడ్‌లైన్ దగ్గర 'శుక్రవారం'. బ్యాకప్ ప్లాన్ దగ్గర 'పిన్ని ఇల్లు' అని రాశాను. పిన్నంటే సొంత పిన్ని కాదు, నాతో పాటు దుప్పటికి అవతలి చివర పట్టుకుని మడతపెట్టే పెద్దావిడ, క్వార్టర్సులోనే ఉంటుంది. "ఎప్పుడొచ్చినా చాప పరుస్తానే" అని ఎన్నిసార్లు అందో. తర్వాతి వరస ఒక్కటీ తెలుగులోనే ఉంది, అడ్డంకి ఏమిటి, దాన్ని ఎలా తొలగిస్తారు? అడ్డంకి దగ్గర 'మా ఆయన' అని రాశాను. ఎలా తొలగిస్తారు దగ్గర ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేశాను. ఆఖరి వరసలో ఇంగ్లీషులో ఎగ్జిక్యూట్ అని ఉంది. దాని పక్కన మళ్లీ 'శుక్రవారం' అని రాసి, మరిచిపోకుండా రెండు గీతలు కొట్టాను.

ఆ కాగితం ఆదివారం మధ్యాహ్నం ఆయన చేతిలో పడింది. నా సంచిలో బస్సు పాసు కోసం వెతికాడట, నా సంచిలో ఆయన బస్సు పాసు ఎందుకుంటుందో అడక్కండి. నేను గలీబు తీగ మీద ఆరేసి లోపలికి వస్తున్నాను. హాల్లో పిల్ల చేత దాని స్కూలు డిక్షనరీ తెరిపించి అడుగుతున్నాడు.

"ఇదేంటో చూసి చెప్పు. ఈ, ఎక్స్, ఈ, సీ..."

"దొరికింది నాన్నా. మరణశిక్ష అమలు చేయు, చంపు. రెండోది..."

"చాల్లే, ఆపు."

"రెండో అర్థం కూడా ఉంది నాన్నా."

"ఆపమన్నానా!"

అత్తగారు కాగితం లాక్కుని తెలుగు ముక్కలు కూడబలుక్కుని చదివింది. "అడ్డంకి... మా ఆయన. శుక్రవారం." చదివి కాగితాన్ని తేలుని వదిలేసినట్టు వదిలేసింది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. నోరు తెరిచి, అయ్యో అది హోమ్‌వర్కండీ అనబోయాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపు నేను పదమూడేళ్లలో ఎన్నడూ చూడలేదు. కోపం కాదు. కాళ్లు వెనక్కి వెళ్తున్నాయి. మా ఆయన, నన్ను చూసి, వెనక్కి నడిచాడు. నేను నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత మా ఇంట్లో జరిగింది నవ్వాలో ఏడవాలో తెలియని సంత. కత్తిపీట, చాకు బీరువాలో పెట్టి తాళం వేశాడు. నేను చిక్కుళ్లు చేత్తో తుంపుకున్నాను, ఉల్లిపాయలు రాయితో చితక్కొట్టుకున్నాను. స్నానాల గదిలో గడ్డం గీసుకుంటూ లోపలి నుంచి గడియ వేసుకున్నాడు. నాకు లేని గడియ ఆయనకి వెంటనే దొరికింది! పొద్దున బ్రెడ్డు, సాయంత్రం బ్రెడ్డు బయటి నుంచి తెచ్చుకున్నాడు. మంగళవారానికి ఆకలి ఆగక కంచం ముందు కూర్చుని, "అమ్మా, ముందు నువ్వు తిను" అన్నాడు. అత్తగారు మురిసిపోయి, నా బంగారు కొండ, తల్లికి పెట్టకుండా ముద్ద దిగదు అంటూ తింది. మూడో ముద్ద దగ్గర ఆవిడకి వెలిగింది. కొడుకు తన వంకే కళ్లార్పకుండా చూస్తున్నాడు, పడిపోతుందేమోనని. "ఒరేయ్!" అంది. కంచం పక్కకి నెట్టేసింది. నవమాసాలు మోసిన తల్లి! నాకు జాలేసింది, నిజం చెప్తున్నాను, ఒక అర నిమిషం.

కానీ అసలు వింత అది కాదు. నాలుగు రోజులు నా ఒంటి మీద చెయ్యి పడలేదు. ఉప్పెక్కువైనా పడలేదు, బస్సు దొరక్క ఆలస్యమైనా పడలేదు. "ఏమే" అనే పిలుపు పోయి, "ఇదిగో" అయింది. చెవి వెనక పెచ్చు కట్టింది. బాగా నిద్రపట్టింది. ఒక్క మాటకి, అదీ స్కూలు డిక్షనరీలో మొదటి అర్థానికి, ఇంత బలముందా?

చెప్పుకోకూడనిదే, కానీ చెప్తాను. ఆయన్ని చంపాలన్న ఆలోచన నాకు అంతకుముందు లేదు. చావాలనే అనుకున్నాను అప్పుడప్పుడు, చంపాలని కాదు. ఆ ఆలోచన నాకిచ్చింది వాళ్లే. బుధవారం పొద్దున ఆయన మంచినీళ్ల కోసం వంటింట్లోకొచ్చి, గోడకి వీపు ఆనించుకుంటూ నడిచి, కుండ దగ్గర తప్పక వంగాడు. కత్తులు దాచిన మహానుభావుడు ఇనప పెనం దాచలేదు. అది నా చేతిలోనే ఉంది. ఆయన మెడ మీద వెంట్రుకలు, చొక్కా కాలరు మాసిన గీత, ఆ గీత నేనే రుద్ది వదిలించాలి కదా అన్న ఆలోచన. ఎంత ఎత్తు నుంచి దింపితే చాలో నాకు తెలిసిపోయింది. ఎలా చప్పుడవుతుందో వినిపించింది. ఎక్కడెక్కడ చిందుతుందో, ఏ మరకకి ఎన్ని నీళ్లు పడతాయో కూడా లెక్క వేసేశాను. ఒళ్లంతా వెచ్చబడింది. భయం కాదు, సంతోషం. ఇంగ్లీషువాడన్నట్టు ఆ ఆలోచన నన్ను కొట్టింది. "అమ్మా, జడ వెయ్యి, బస్సొచ్చేస్తుంది" అంది పిల్ల వెనక నుంచి. పెనం పొయ్యి మీద పెట్టేశాను. దయతో కాదు. జైలు గదికి గడియ బయటి నుంచి ఉంటుంది.

గురువారం సాయంత్రం బావగారు వచ్చారు. మా ఆయన అన్నగారు, కోర్టులో గుమాస్తా, ఆ కుటుంబంలో ఇంగ్లీషు వచ్చిన ఏకైక మనిషి. తమ్ముడు కబురు పెట్టాడు. ఆయన కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, కాగితం అటూ ఇటూ తిప్పి చదివి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టారు.

"ఒరేయ్ దద్దమ్మా! ఎగ్జిక్యూట్ అంటే అమలు చేయడంరా. మా కోర్టులో రోజూ దస్తావేజులు ఎగ్జిక్యూట్ చేస్తారు. దస్తావేజుల్ని ఉరి తీస్తారేంట్రా?"

"అంటే... చంపడం కాదా?" అన్నాడు మా ఆయన.

"ఇంగ్లీషు పాఠంరా బాబూ. ఇదిగో, పైన రాసే ఉంది."

అత్తగారు గుండెల మీద చెయ్యేసుకుని నవ్వింది. "నాకు విషం తినిపించబోయాడు పెద్దోడా, వీడు!" అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు, చెవులదాకా ఎర్రబడి. నవ్వుతూనే లేచి, నవ్వుతూనే రెండడుగులు వేసి, నా చెంప మీద కొట్టాడు. తల వెళ్లి తలుపు అంచుకి తగిలింది. పెదవి చిట్లింది. "నన్ను భయపెడతావే? నన్ను?" అని ఇంకోటి వేసి, వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు, పని పూర్తయినవాడిలా. పిల్ల తన డిక్షనరీని గుండెకి అదుముకుని గోడకి అతుక్కుపోయింది.

బావగారు కాస్త ఇబ్బంది పడ్డారు. మంచి మనిషే. "చాల్లేరా" అన్నారు తమ్ముడితో. తర్వాత నా వైపు తిరిగి మందలింపుగా అన్నారు, "నీదీ తప్పుందమ్మాయ్. వాడు నాలుగు రోజులు అన్నం మానేస్తే చూస్తూ ఊరుకున్నావు. అర్థం అది కాదండీ అని ఒక్క మాట చెబితే పోయేదిగా. ఎందుకు చెప్పలేదు?"

నోట్లో రక్తం మింగాను. ఉప్పగా ఉంది. ఆ ఇంట్లో మొదటిసారి నన్నెవరో ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగారు.

"ఆ మాటకి రెండు అర్థాలున్నాయి బావగారూ" అన్నాను. "మొదటి అర్థం తెలిసిన నాలుగు రోజులూ మీ తమ్ముడు నా మీద చెయ్యి వేయలేదు. రెండో అర్థం మీరు చెప్పి రెండు నిమిషాలు కాలేదు, చూడండి నా మొహం. మీరు చదువుకున్నవారు, మీరే చెప్పండి. నేను ఏ అర్థం చెప్పి ఉండాల్సింది?"

బావగారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. అత్తగారు నవ్వు ఆపింది.

నేను పిల్ల చెయ్యి పట్టుకుని, దాని స్కూలు సంచీ, నా సంచీ భుజానికేసుకున్నాను. "ఎక్కడికే?" అన్నాడు మా ఆయన.

"పిన్ని ఇంటికి. రేపు శుక్రవారం కదా."

గది వస్తుందో రాదో నాకు తెలియదు. ఐదు నిమిషాల ఇంగ్లీషు, చిట్లిన పెదవితో చెప్పాలి. రాకపోతే చాప మీదే పడుకుంటాం. చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూశాను, దెబ్బ ఎటు నుంచి వస్తుందోనని, పాత అలవాటు. ఆయన నా కళ్లలోకి చూస్తున్నాడు, కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని. అర్థం అన్నగారు విడమరిచి చెప్పారు, అందరూ నవ్వారు, అయినా నేను గుమ్మం దాటి మెట్లు దిగేదాకా ఆ మనిషి కుర్చీలోంచి లేవలేదు.