ఖాళీ అని నొక్కిన జాగా

"కుంట కాడ జేసీబీ వచ్చి నిలవడ్డది బిడ్డా. ఆడ నా తొలిసూరు పిల్ల ఉన్నది, పదకొండు దినాలది" అంటూ కొండమ్మ కంప్యూటర్ ఆపరేటర్ సరిత మోకాలు పట్టుకుంది. పొద్దుటి నుంచి సర్వర్ రాక, మండలాఫీసు వరండా దాకా జనం విసుక్కుంటున్నారు.

"ఖాళీ జాగా అని కంప్యూటర్ల ఉన్నదంట. ఎవడు రాసిండో, వాని చెయ్యి పడిపోను! నువ్వు మంచిదానివి, జర చూడు."

సరిత తెర వైపు చూపు తిప్పుకుంది.

నిరుడు ఊళ్ళ భూముల సంగతులన్నీ ట్యాబులోకి ఎక్కించమన్నారు. రోజుకు ఎనభై ఎంట్రీలు. తగ్గితే పద్దెనిమిది వేల ఔట్‌సోర్సింగ్ కొలువు ఊడినట్టే. కొండమ్మ ఊరి మస్కూరి యాదగిరి మూడు రోజులు ఎండలో ఆమె వెంట తిరిగాడు. ఊళ్ళో కబురు చెప్పేదీ, చస్తే గుంత తవ్వేదీ అతనే. నలభై ఏళ్ళు తలలో మోసిన ఊరినంతా ఆమెకు అప్పజెప్పాడు. కుంట ఒడ్డున మాత్రం చెప్పులు విడిచాడు.

"పాలు మరువని పసిగుడ్లను ఈడ పెడతరు బిడ్డా. రాయి పెట్టరు, పేరు రాయరు. పదహారు మందిని నా చేతులతోనే పండవెట్టిన. రేపు నేను పోతే చెప్పెటోడు లేడు. జర రాసిపెట్టు."

తెర మీద నాలుగే ఉన్నాయి: సాగు, ఇల్లు, నీళ్ళు, ఖాళీ. కింద వివరాలు రాసే పెట్టె కూడా ఉంది. లేదని ఎందుకు అబద్ధం చెప్పాలి? రాస్తే రెండు నిమిషాలు. ఇంకా ముప్పై ఎంట్రీలు మిగిలాయి, ఆలస్యమైతే ఇంటికి వెళ్ళే అత్తాపూర్ బస్సు దొరకదు. ఖాళీ అని నొక్కింది.

"రాసిన బాపూ" అంది.

చదువు రాని ఆ మనిషి ట్యాబుకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. మొన్న ఆషాఢంలో పోయాడు.

"సరితా, ఓటీపీ వచ్చిందా?" లోపలి నుంచి పై అధికారి రాజశేఖర్ సారు వచ్చాడు. "'కుంట జాగా నేనే చూశాను, ఖాళీయే' అని ఎంట్రీ చేసిన నువ్వు ధ్రువీకరిస్తే అయిపోతుంది. అక్కడ ఎయిర్‌పోర్టు క్యాబుల పార్కింగ్ కట్టేవాళ్ళు తొందరపెడుతున్నారు. చెప్పమ్మా."

సరిత చేతిలో ఫోను మోగింది. ఆరంకెల ఓటీపీ.

సరిత కొండమ్మ వైపే చూసింది. "వాడెవడో కాదు పెద్దమ్మా. నేనే. యాదగిరి బాపు మొత్తం చెప్పిండు. నేనే రాయలే."

చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు. ఏం పోయింది? కొండమ్మ తిట్టలేదు. మోకాలు మీది చెయ్యి మెల్లగా తీసుకుని కొంగులో దాచుకుంది. ఆ తిట్టేదో తిట్టినా బాగుండునని సరితకు ఏడుపొచ్చింది.

"ఓటీపీ!" అన్నాడు సారు.

"చెప్ప సార్. ఆ జాగా ఖాళీ కాదు. నాకు ఎరుకే."

"ఉద్యోగం ఉండాలా వద్దా?"

సరిత ఫోను తెరను కిందికి తిప్పి పట్టుకుంది. రాజశేఖర్ విసురుగా పక్క కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుని, ఓటీపీ మళ్ళీ పంపించు అనే చోట నొక్కాడు. ఆమె చేతిలో ఫోను మళ్ళీ మోగింది.