గంతల పాఠం

కాలేజీలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన గంతల మాస్టారు. మొదటి సంవత్సరం పిల్లలకు తత్వశాస్త్రం చెప్పేవారు. ఆ క్లాసులో సగంమంది మరెక్కడా సీటు దొరక్క వచ్చి పడినవాళ్ళే. పుస్తకం తెరిస్తే వాళ్ళకు కునుకు ముంచుకొస్తుందనీ, చేతికి పని చెబితే కళ్ళు విప్పుతారనీ ఇరవై రెండేళ్ళ సర్వీసులో మాస్టారు కనిపెట్టారు.

అందుకని క్లాసులోకి ఏదో ఒకటి మోసుకొచ్చేవారు. పాత కుర్చీ ఒకటి తెచ్చి, వారానికో కాలు, వారానికో పలక పిల్లలచేతే మార్పించి, ఆఖరుకి "ఇది ఆ కుర్చీయేనా, కాదా?" అని వదిలేస్తే, పిల్లలు గంటసేపు గొంతులు చించుకునేవాళ్ళు. ఒక చేయి వేణ్ణీళ్ళలో, ఒక చేయి చన్నీళ్ళలో పెట్టించి, తర్వాత రెండూ గోరువెచ్చటి బకెట్లో ముంచమనేవారు. "ఒక చెయ్యి చల్లగా ఉందంటోంది, రెండోది వేడిగా ఉందంటోంది. నీ చేతుల్లో అబద్ధాలకోరు ఏదిరా?" అంటే క్లాసంతా ఘొల్లున నవ్వేది.

అన్నిటికన్నా పేరుపడింది గంతల పాఠం. ఇద్దరిద్దరు జతగా నిలబడాలి. ఒకరి కళ్ళకు గంతలు. రెండోవాళ్ళు చేయి పట్టుకుని వరండా చివరిదాకా తీసుకెళ్ళి వెనక్కి తేవాలి. మధ్యలో పది అడుగులు చేయి వదిలేసి, మాటతోనే నడిపించాలి. తిరిగొచ్చాక గంతలు కట్టుకున్నవాళ్ళు కాగితం మీద మూడు సంగతులు రాయాలి: నాకు తెలిసిందేమిటి, నేను నమ్మిందేమిటి, ఉత్తినే ఊహించిందేమిటి. ఒక్కటే నిబంధన. వరండాకు ఎడమ పక్కన మెట్లున్నాయి. ఆ దరిదాపుల్లో చేయి వదలకూడదు.

ఆ ఏడాది గంతలు టైలర్ గారి అమ్మాయి తెచ్చింది. నోట్లో నాలుక లేని పిల్ల. పాఠం సంగతి ఇంట్లో చెబితే వాళ్ళ నాన్న కొట్లో మిగిలిన నల్లగుడ్డతో ఇరవై గంతలు కుట్టిచ్చాడట. ఆమెకు జతగా పడింది లాయరమ్మ. ప్రతిదానికీ "అదెలా సార్?" అని అడ్డం తిరిగే పిల్ల కాబట్టి తోటివాళ్ళు పెట్టిన పేరది. మాస్టారికి ఆ పిల్లంటే ముచ్చట.

జతలు వరండాలోకి వెళ్ళాయి. మాస్టారు గుమ్మంలో నిలబడి ఆఖరి జతకు ముడి బిగిస్తున్నారు. అప్పుడే ఎడమ పక్కనుంచి ఏదో దొర్లిన చప్పుడు, ఆ వెంటనే కేక. పరుగున వెళ్ళేసరికి టైలర్ గారి అమ్మాయి పదిమెట్ల కింద మలుపులో పడి ఉంది. కళ్ళకు గంతలు అలాగే ఉన్నాయి. "ఎక్కడున్నాను, ఎక్కడున్నాను?" అంటోంది. మెట్ల పైన లాయరమ్మ కొయ్యబారి నిలబడింది.

తుంటి ఎముక విరిగింది. రెండు ఆపరేషన్లయ్యాయి. నడుస్తుంది గాని మునుపటిలా నడవలేదని డాక్టరు తేల్చేశాడు.

వారం తిరక్కుండా విచారణ మొదలైంది. ప్రిన్సిపాల్ గారు, పక్కన ఇద్దరు సీనియర్ లెక్చరర్లు.

"మెట్లదగ్గర చేయి వదలొద్దని మీరు చెప్పారా, లేదా?"

"ఏటా చెబుతానండీ."

"ఈ ఏడు చెప్పారా?"

మాస్టారు గుర్తు తెచ్చుకోబోయారు. చెప్పినట్టే గుర్తు. ఆ వాక్యం, చేతిలో సుద్దముక్క, ఎడమవైపు చాచిన వేలు, అన్నీ కళ్ళముందున్నాయి. అయితే అది ఏ ఏటి జ్ఞాపకం? ఆ రోజు క్లాసు ఆలస్యంగా మొదలైంది. గంతలు పంచుతుంటే అందరూ నవ్వులు, కేకలు. ఆ గోలలో ఆ మాట అన్నారా? ఎంత తవ్వుకున్నా అందలేదు.

పిల్లల్ని అడిగితే కొందరు విన్నామన్నారు, కొందరు లేదన్నారు, ఎక్కువమంది నీళ్ళు నమిలారు. లాయరమ్మ మాత్రం తలెత్తకుండా, "నేను వినలేదు సార్" అంది.

ఇంట్లో భార్య విసుక్కుంది. "చెప్పానని అనెయ్యండి. ఏటా చెప్పేదేగా, ఈసారి మాత్రం ఎందుకు మానేస్తారు?"

"అలా అంటే ఆ పిల్ల అబద్ధమాడిందన్నట్టే కదే. కాలేజీలోంచి పంపించేస్తారు."

"ఆడలేదని మీకేం తెలుసు?"

"ఆడిందనీ తెలీదుగా."

"మీతో వాదించి గెలిచినవాళ్ళెవరు?" అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు మాస్టారు 'చెప్పినట్టు ఖాయంగా గుర్తు లేదు' అని రాసిచ్చారు. ప్రిన్సిపాల్ గారు కాగితం వెనక్కి తోశారు. "ఇది జవాబు కాదు మాస్టారూ. అవునో, కాదో రాయండి." మాస్టారు కలం తీశారు. పద్దెనిమిదేళ్ళ లాయరమ్మ మొహం కళ్ళముందు ఆడింది. 'చెప్పలేదు' అని రాసి సంతకం పెట్టారు.

స్టాఫ్ మీటింగులో అందరిముందూ మందలింపు చదివారు. తల కొట్టేసినట్టయింది. ఇకమీదట మొదటి సంవత్సరానికి పుస్తకం చదివి చెప్పడం తప్ప మరేమీ చేయించకూడదన్నారు.

ఆ తర్వాత టైలర్ ఇంటికి వెళ్ళారు. ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. టైలర్ మిషన్ ఆపి స్టూలు జరిపాడు.

"కోపంతో అడగట్లేదు మాస్టారూ, తెలీక అడుగుతున్నా. కళ్ళకు గంతలు కట్టుకుంటే ఏం తెలుస్తుందని?"

మాస్టారు స్టూలు మీద కూర్చున్నారు. "మనకు తెలుసనుకునేదాంట్లో చాలావరకు మనం స్వయంగా చూసింది కాదండీ. ఎవరినో నమ్మి తెలుసుకున్నదే. పిల్లలకు అది అర్థం కావాలని..."

"మా అమ్మాయికి బాగానే అర్థమైంది లెండి."

"నాన్నా, ఊరుకో" అని వెనకగదిలోంచి గొంతు వినబడింది. మాస్టారు లోపలికెళితే ఆ పిల్ల మంచంమీద దిండ్లకానుకుని ఉంది. "నేను కాగితం రాయనేలేదు కదా సార్" అంది. "ముందు ఇంకా నేల ఉందనుకున్నాను. ఊహ కాదు సార్. తెలుసనే అనుకున్నాను." ఆమె కళ్ళలోకి చూడలేక మాస్టారు మందుసీసాల వంక చూస్తూ కూర్చున్నారు.

నెల గడిచాక, మధ్యాహ్నం క్లాసు అయ్యి గది ఖాళీ అయ్యాక, లాయరమ్మ బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. మనిషి సగమైపోయింది.

"మీరు చెప్పారు సార్."

"ఏంటమ్మా?"

"మెట్లదగ్గర వదలొద్దని చెప్పారు. నేను విన్నాను. ఫోన్ మోగింది. ఒక్క క్షణమే కదా అని చేయి వదిలి తీశాను. 'ఆగు' అనే లోపే..." వెక్కుతూ మొహం తుడుచుకుంది. "విచారణలో భయమేసి వినలేదనేశాను. మీరు ఒప్పుకోరనుకున్నాను సార్. మీరెందుకు ఒప్పుకున్నారు?"

మాస్టారికి ఒక్క క్షణం గుండె తేలికైంది. చెప్పాను, నిజంగానే చెప్పాను. ఆ వెనకే ఇంకోటి గుర్తొచ్చింది. చెప్పలేదని సంతకం పెట్టింది తనే. ఇప్పుడు అబద్ధాలు రెండు. అందులో ఒకటి తనది.

"ఆ అమ్మాయికి చెప్పావా?"

"లేదు సార్. మీరు చెప్పమంటే ఇప్పుడే వెళ్ళి చెబుతాను."

చెప్పమనాలి. ఇన్నేళ్ళుగా ఈ గదిలో చెప్పిందంతా ఆ ఒక్కమాట కోసమే. కానీ ఆ పిల్ల చేతులు బల్ల అంచును వదలకుండా పట్టుకున్నాయి. మాస్టారు వాటివంకే చూస్తుండగా గంట మోగింది. పక్క క్లాసు పిల్లలు బిలబిలమంటూ లోపలికొచ్చారు. "తర్వాత మాట్లాడదాం, వెళ్ళు" అన్నారు.

ఆ 'తర్వాత' అనేది రానేలేదు. లాయరమ్మ పది రోజులకే టీసీ తీసుకుని వెళ్ళిపోయింది. ఎక్కడ చేరిందో ఎవరికీ తెలీదు.

మాస్టారు పుస్తకం చదువుతున్నారు. పిల్లలు కునుకుతున్నారు. అడ్డుపడి అడిగేవాళ్ళెవరూ లేరు.

చలికాలంలో ఒకనాటి సాయంత్రం బస్టాపులో టైలర్ ఎదురయ్యాడు. మాస్టారు మొహం తిప్పుకోబోయారు గాని అతనే దగ్గరకొచ్చాడు. అమ్మాయి కర్ర పట్టుకుని నడుస్తోందనీ, కొట్లో కూర్చుని గుండీలు కుడుతోందనీ చెప్పాడు. కాలేజీకి మళ్ళీ వెళ్ళనందట.

"మీ మీద నాకేం లేదు మాస్టారూ" అన్నాడు. "తప్పెవరిది, చేయి ఎందుకు వదిలేశారు అని మేం బుర్ర బద్దలు కొట్టుకునేవాళ్ళం. మీరొక్కరే ఉన్నదున్నట్టు ఒప్పుకున్నారు. మా అమ్మాయి కూడా అదే అంటుంది."

మాస్టారు ఏదో అనబోయారు. ఇంతలో టైలర్ ఎక్కాల్సిన బస్సొచ్చింది. అతను ఎక్కి, కిటికీలోంచి చెయ్యూపాడు. మాస్టారూ ఊపారు.