సూది లేచేదాకా

పులిసిన పిండి వాసన.

మూడు రోజుల వాన వెలిసిన పొద్దున, గాజువాక వెనక కాలనీలో ముందుగా లేచింది ఆ వాసనే. తర్వాత బురద వాసన. ఆ తర్వాత ఎండ.

ఎండ... ఎన్నాళ్లకో చూసినట్టుంది.

నీళ్లు దిగిపోయాయి. గోడల మీద నడుమెత్తున ఒక మట్టిగీత మిగిలింది. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరదాకా, గోడ గోడకీ అదే గీత. రెండువేల అయిదులో ఆ కాలనీ జనమంతా ఎత్తుని ఆ గీతతోనే కొలిచారు — మంచం గీత కిందా, పైనా? బియ్యం కిందా, పైనా?

ఈశ్వరి ఆ గీత పక్కనే నడుస్తోంది. కాళ్లకి రబ్బరు చెప్పులు. జాకెట్లో టెస్టర్.

ఈశ్వరి మోటార్లు చుడుతుంది. కాలిపోయిన మోటారులోంచి పాత రాగితీగ లాగేస్తుంది. కొత్త తీగ చుట్టలు చుట్టి, గాడుల్లో పేర్చి, వార్నిష్ పోసి మళ్లీ బతికిస్తుంది. పుట్టిల్లు సముద్రపొడ్డు. చిన్నప్పుడు వలలు అల్లిన వేళ్లవి. పోగు ఎక్కడ తప్పిందో కళ్లకన్నా ముందు వాటికే తెలుస్తుంది.

ఒకప్పుడు ఆ పని ఆమె భర్త తవిటయ్యది.

నాలుగేళ్ల కిందట, ఇలాంటి వాన వెలిసిన పొద్దునే, ఒక ఇటుకల యార్డులో తడిసిన మోటారుని గుడ్డతో తుడిచి, సరిపోద్దిలే అన్నాడు. స్విచ్ వేశాడు. దాని ఒంటి మీద చెయ్యి ఆనించాడు.

ప్రాణం దక్కింది. కుడిచేతి మూడు వేళ్లు మాత్రం మళ్లీ ముడుచుకోలేదు.

అప్పటినుంచి చుట్టేది ఈశ్వరి. పక్కన కూచుని చెప్పేది తవిటయ్య. ఏడాది తిరిగేసరికి అతను చెప్పడానికేమీ మిగల్లేదు.

గంగాలమ్మ పిండిమర దగ్గర అప్పటికే వరస కట్టారు ఆడవాళ్లు. డబ్బాలు, గిన్నెలు, మూటలు. అటక మీద ఉండబట్టి తడవకుండా మిగిలిన చోళ్లు, అంటే రాగులు. పొయ్యిలు తడిసిపోయిన ఇళ్లలో పిల్లలకి ఇంత అంబలి కాచి పొయ్యాలంటే చోడిపిండి కావాలి. కాలనీ మొత్తానికి మర ఒక్కటే.

ఆ మర ఇరవై ఏళ్లుగా గంగాలమ్మ మాట విని తిరిగింది. యాభై అయిదేళ్ల మనిషి. గొంతు మర హోరుని దాటి వినిపిస్తుంది. చెప్పులు వేసుకోదు. ఎడమ చెయ్యి ఇనప గరాటు మీద ఆనించి, కుడిచేత్తో స్విచ్ వేస్తుంది — రోజూ అలాగే. ఇరవై ఏళ్లుగా అలాగే.

ఆ ఎడమ చెయ్యి ఈశ్వరికి నిద్రలో కూడా గుర్తే.

"ఒలే ఈశ్వరీ, వొచ్చీసినావా! పది గంటలకి కరెంటిచ్చేత్తామని లైన్‌మేన్ సెప్పీసి ఎల్లినాడు. బేగి సూసీసి పో."

"మెయిన్ దించీసినావా, పెద్దమ్మా?"

"ఎందుకు దించడం? కరెంటే నేదు కదా!"

కరెంటే లేదు కదా... తడిసిన ఇంట్లో ఆ మాట అన్నవాళ్లందరూ నిజమే అంటారు. ఆ నిజం పది గంటల వరకే.

ఈశ్వరి గుమ్మంలోనే ఆగింది. లోపల చీలమండ లోతు బురద. అందులో తేలుతున్న పిండి ముద్దలు. పొడి చెక్క ఒకటి అడిగి తెప్పించింది. స్విచ్ బోర్డు ముందు వేసి, దాని మీద నిలబడింది. టెస్టర్ పెట్టి చూసింది. వెలగలేదు. మెయిన్ కిందికి దించింది. ఒకటి... రెండు... మూడు — మూడు ఫ్యూజులూ ఊడదీసింది. కొంగులో మూట కట్టి బొడ్లో దోపుకుంది.

"ఏటది? ఏటి సేత్తన్నావే?"

"మోటారు నీల్లు తాగీసింది, పెద్దమ్మా. ఆరబెట్టాల. మూడు రోజులు."

మూడు రోజులు!

ఆ మాట వరస చివరిదాకా పాకింది. డబ్బాలు కింద పెట్టారు. నడుముల మీద చేతులు పెట్టారు.

గంగాలమ్మ గొంతు లేచింది. నా మర, నా మోటారు, నా ఫ్యూజులు — పట్టపగలు దొంగతనం అంది. పసిపిల్లల నోటికాడ అంబలి లాగేస్తన్నావంది. మొగుడి చెయ్యి పోయిందని ఊరందరికీ భయం నూరిపోస్తన్నావంది.

ఆ చివరి మాటకి వరసలో ఎవరూ నవ్వలేదు.

ఈశ్వరి గుమ్మం మెట్టు మీద కూచుంది. లోపలికి దారి అదొక్కటే. చేతులు వొళ్లో పెట్టుకుంది.  

గంగాలమ్మ బజారుకి కబురు పెట్టింది. మోహన్ అనే మెకానిక్ సైకిలు మీద వచ్చాడు. వాన రోజుల్లో బోలెడు గిరాకీ, క్షణం తీరిక లేదన్నట్టు వచ్చాడు. ఈశ్వరి పక్కనుంచి లోపలికి దూరి, మోటారు చుట్టూ తిరిగి, గుడ్డతో తుడిచి, అరచెయ్యి చూపించాడు. పొడిగా ఉంది.

"ఆరిపోనాది. ఆ ఫ్యూజులిచ్చీ, అక్కా."

తుడిస్తే ఆరిపోయింది... నాలుగేళ్ల కిందటి మాట. అదే ధీమా.

ఈశ్వరి బొడ్లోని మూట మీద చెయ్యి వేసుకుంది. రోడ్డు వైపు చూసింది.

తవిటయ్య వస్తున్నాడు. ఎవరు చెప్పారో, నల్లడబ్బా ఎడమ చంకలో పెట్టుకుని, బురదలో ఒక్కొక్క అడుగూ చూసుకుంటూ వస్తున్నాడు. గొడవెందుకు, ఇచ్చేసి రా అంటాడేమోనని ఒక్క క్షణం భయపడింది. అతను డబ్బా ఆమె వొళ్లో పెట్టి, పక్కన మెట్టు మీద కూచున్నాడు.

దాన్ని మెగ్గర్ అంటారు. పక్కన తిప్పే పిడి. ముందు గాజు కిటికీ, అందులో ఒక సూది. తీగల్లోంచి మోటారు ఇనప ఒంట్లోకి కరెంటు కారుతోందో లేదో ఆ సూది చెబుతుంది. లేస్తే మంచిది. సున్నా దగ్గర పడుకుంటే — ముట్టుకున్న మనిషి లేవడు.

ఈశ్వరి డబ్బాతో లోపలికి వెళ్లింది. ఒక వైరు తీగకి. ఒక వైరు ఒంటికి. ఈశ్వరి పిడి తిప్పింది. ఆడవాళ్లందరూ వంగి చూశారు.

సూది లేవలేదు.

"ఆ డబ్బా పాతదైపోనాది," అన్నాడు మోహన్.

"అయితే మూత ఇప్పు, తమ్ముడా. సూద్దుం."

అతనికి తప్పలేదు. నాలుగు బోల్టులు. వెనక మూత కదలగానే మోటారు కక్కింది — బుడబుడమని, సగం బకెట్టు నీళ్లు. నల్లగా, పిండీ బురదా కలిసి. ఆ నీళ్లతో పాటు వెండి చుక్కలాంటిది ఒకటి జారి, నేల మీద ఎగిరెగిరి పడింది.

చేపపిల్ల.

"ఓలమ్మా! మోటార్లో సేప!"

వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఇంకొకరికి అంటుకుంది. మూడు రోజులుగా ఆ కాలనీలో నవ్వు లేదు. తవిటయ్య కూడా నవ్వాడు. మోహన్ తల గోక్కుంటూ గుడ్డ జేబులో పెట్టుకున్నాడు.

ఈశ్వరి దోసిట్లోకి తీసుకుని చూసింది. పరిగిపిల్ల. పక్కన పారే గెడ్డలోంచి వచ్చి ఉంటుంది. తీసుకెళ్లి గెడ్డలోనే వదిలింది.

గంగాలమ్మ ఒక్కర్తే నవ్వలేదు. ఇనప గరాటు దగ్గర నిలబడి తన ఎడమ అరచెయ్యి చూసుకుంటోంది.

దూరంగా ఎక్కడో రేడియో మోగింది. పది గంటలు. కాలనీకి కరెంటు వచ్చింది.

మరలో మాత్రం రాలేదు.

ఆరుగురు ఆడవాళ్లు పట్టి మోటారుని రిక్షా ఎక్కించారు. మరలోని తడిపిండి ఎండబెట్టి వాడొద్దంది ఈశ్వరి. మురుగు తగిలిన పిండి అది. పారలతో ఎత్తి, గోతిలో వేసి, సున్నం చల్లి పూడ్చేశారు. చోళ్లకి రోళ్లు కడిగారు. తిరగళ్లు దించారు. ఎన్నాళ్లకో గాజువాకలో తిరగలి చప్పుడు... సరిపోయేంత పిండి రాలేదు. పిల్లలు ఆకలితో పడుకోనూ లేదు.

ఈశ్వరి షాపు ఎత్తు మెట్ల మీద ఉంది. గీతకి పైన. అక్కడ మోటారు విప్పి, మంచినీళ్లతో బురద పోయేదాకా కడిగింది. ఎండలో పెట్టింది. తర్వాత చెక్కపెట్టెలో, రెండు పెద్ద బల్బుల వేడిలో. పైన ఆవిరి పోవడానికి సందు. తీగ మాడకుండా గంటకోసారి వేడి చూడడం. తొందరపెడితే పైన ఆరి లోపల తడి మిగిలిపోతుంది. తడికి దాక్కోవడం తెలుసు. ఈశ్వరికి వెతకడం తెలుసు.

మొదటి రోజు — సున్నా.

రెండో రోజు — సున్నా పక్కన చిన్న వణుకు.

రెండు రోజులూ గంగాలమ్మ వచ్చింది. మాట్లాడలేదు. బెంచీ మీద కూచుని పెట్టెకేసి చూసి, సాయంత్రానికి లేచి వెళ్లింది. ఫ్యూజులడగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఈశ్వరి బల్బులు ఆర్పి, మోటారు చల్లారనిచ్చి, పిడి తిప్పింది.

సూది లేచింది.

నిలబడింది. మళ్లీ తిప్పింది. మళ్లీ లేచింది. తవిటయ్య ముందుకు వంగాడు. చాలునన్నట్టు చూశాడు. చాలు — అతను నేర్పిన లెక్క ప్రకారం చాలు. ఈశ్వరి కాసేపు ఆ సూదినే చూసింది.

"ఇంకొక పూట," అంది.

బయట డబ్బాలతో నిలబడ్డ వరస గొణిగింది. ఇంకొక పూటా? మూడు రోజులన్నావు గదే!

గంగాలమ్మ లేచింది. మెట్ల మీదకి వచ్చింది. మూడు రోజులుగా దాచుకున్న గొంతంతా ఒక్కసారి తీసింది.

"ఇంకొక పూటని సెప్తంది గదా! సెవుల్లేవేటి? సేపలున్న మోటారు ఎవులికైనా కావాలా? ఎల్లండి ఇల్లకి!"

వెళ్లారు. నవ్వుకుంటూ, విసుక్కుంటూ వెళ్లారు.

గంగాలమ్మ వెనక్కి తిరిగింది. వచ్చి ఈశ్వరి పక్కన నిలబడింది.

యారాడ కొండ మీద మళ్లీ మబ్బు కమ్ముతోంది. నల్లగా, నెమ్మదిగా, సముద్రం వైపు నుంచి.

"మోటారు కింద దిమ్మ ఎత్తు సెయ్యాల, పెద్దమ్మా."

"ఎంత?"

ఈశ్వరి తన నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించింది.

గంగాలమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. పైకెత్తింది. నడుము దాటించి, భుజం దాటించి — తన తల కన్నా ఎత్తుకి తీసుకెళ్లి, అక్కడ ఆపింది.

"ఇంత."

తొలి చినుకు రేకు మీద టప్పున పడింది.