వాడి కళ్లలోనే తెలిసేదండి

ముగ్గురు ఆడవాళ్లను గొంతు నులిమి చంపిన రాజారత్నం పట్టుబడ్డాక, రేపల్లెలో వాడి పేటకి ప్రవక్తల కొరత తీరిపోయింది. హంతకుల మనస్తత్వం మీద పరిశోధన చేస్తున్నానంటూ బాపట్ల నుంచి చలపతి మాస్టారు చర్చికి వస్తే, ప్రార్థన కూటంలో సాక్ష్యం చెప్పడానికి లేచినట్టే ఒక్కొక్కరూ లేచి నిలబడ్డారు.

"చిన్నప్పుడే తూనీగల రెక్కలు పీకేవాడండి," అన్నాడు సంఘపెద్ద సంజీవరావు.

"వాడి కళ్లలోనే తెలిసేదండి. చూస్తే ఒళ్లు జలదరించేది," అంది పుల్లమ్మ.

వెనక బెంచీలో కూర్చున్న టీచరు దానమ్మకి ఒళ్లు మండింది. మొన్న క్రిస్మస్‌కి వాడు పాడుతుంటే దేవదూత దిగొచ్చాడని మురిసిపోయింది ఈ పుల్లమ్మే. తూనీగల సంగతంటారా, సంజీవరావు కొడుకులు తొండల్ని కూడా బతకనివ్వలేదు.

అదైనా పోనీ. రెండో హత్య జరిగినప్పుడు, తనలో తాను మాట్లాడుకునే చీరాల బట్టల వ్యాపారి చౌడయ్యే హంతకుడని తేల్చింది వీళ్లు కాదూ? తెనాలి రైలు కోసం కూర్చున్నవాణ్ణి లాక్కొచ్చి కాలు విరగ్గొట్టారు. ఆ గుంపులో రాజారత్నం లేడు. ఆ పూట వాడు చర్చిలో పాటలు నేర్చుకుంటున్నాడు.

"మీరేం గమనించారమ్మా?" అని మాస్టారు దానమ్మని అడిగారు.

"రాజారత్నంలో నాకేం కనపడలేదండి. చౌడయ్యని కొట్టిన రోజు మాత్రం వీళ్ల కళ్లు చూశాను. అవి రాసుకోండి సార్. వాడు జైల్లో ఉన్నాడు, వీళ్లింకా బయటే తిరుగుతున్నారు."