కోసేసిన స్కేళ్లు

కాలేజీలో చేరిన రెండు వారాలకే దర్జీ కూతురికి ఆ చదువంటే వెగటు పుట్టింది. తొలిరోజు ప్రిన్సిపాల్ గంటన్నర సేపు మాట్లాడి, ఇంజనీరు అంటే ప్రశ్నించేవాడని చెప్పాడు. వెనక వరుసలో ఎవరో చెయ్యెత్తితే, "ప్రశ్నలు తర్వాత" అని కూర్చోబెట్టాడు. లెక్కల మాస్టారు బోర్డుకే పాఠం చెప్పేవాడు, పిల్లల వైపు తిరిగేది హాజరుకి మాత్రమే. పిల్లలు సరేసరి. సీనియర్ల పాత రికార్డు పుస్తకాలు సంపాదించిన వాడే మొనగాడు.

హాస్టల్లో ఆమె గదిలో ఉండే పిల్లని అందరూ 'ఫస్ట్ ర్యాంకు' అనేవారు. ఆ పిల్ల పళ్లు తోముకుంటూ కూడా సూత్రాలు వల్లించేది. ఆమెని చూస్తే దర్జీ కూతురికి అందరికన్నా ఎక్కువ చులకన.

"అర్థమయ్యే చదువుతున్నావా, లేక దండకమా?" అని అడిగిందొకసారి.

"మార్కులేసేవాడు అర్థాన్ని చూడడే. సర్దుకుపోవాలి," అంది ఫస్ట్ ర్యాంకు, పుస్తకంలోంచి తలెత్తకుండా.

సర్దుకుపోవడం దర్జీ కూతురి ఇంటావంటా లేదు. వాళ్ల నాన్న అరంగుళం తేడా వస్తే కుట్టిన కోటంతా విప్పేసే మనిషి.

మూడో వారం ఫిజిక్స్ ల్యాబులో లోలకం ప్రయోగం వచ్చింది. దారానికి ఇనపగుండు కట్టి, ఊపి, ఎన్ని ఊపులకి ఎంతసేపు పట్టిందో చూసి, భూమ్యాకర్షణ విలువ కట్టాలి. ఎనిమిది బల్లలు, బల్లకో చెక్క స్కేలు. పది నిమిషాలు గడిచేసరికి ఏడు బల్లల మీద గుండ్లు కదలకుండా వేలాడుతున్నాయి. పిల్లలంతా పాత రికార్డుల్లోంచి అంకెలు ఎక్కించుకుంటున్నారు. దర్జీ కూతురు ఒక్కతే ఊపులు లెక్కపెట్టింది. ఆమెకి వచ్చిన విలువ పది పాయింటు రెండు.

"ఏమ్మా, నీ బల్ల దగ్గర భూమి ఎక్కువ లాగుతోందా?" అన్నాడు ఫిజిక్స్ మాస్టారు. క్లాసంతా గొల్లుమంది. "మళ్లీ చెయ్. తొమ్మిది పాయింటు ఎనిమిది రావాలి."

మళ్లీ చేసింది. పక్క బల్ల మీద చేసింది. మూడు వారాలు అదే పని. మిగతావాళ్లు నాలుగో ప్రయోగానికి వెళ్లిపోయారు. వాళ్లని చూసి ఆమె జాలిపడింది, ఆమెని చూసి వాళ్లు నవ్వుకున్నారు. ఒక్క సంగతి మాత్రం ఆమె మనసులో ముల్లులా గుచ్చుకుంది. దారం పొడుగ్గా ఉంటే తప్పు తగ్గుతోంది, పొట్టిగా ఉంటే పెరుగుతోంది. అంటే పొడవులోనే ఎక్కడో ఒకే మోతాదు తేడా దాక్కుంది.

డ్రాయింగు క్లాసుకి కొనుక్కున్న ఉక్కు స్కేలు తెచ్చి, చివరకి చివర ఆనించి చెక్క స్కేలు పక్కన పెట్టింది. ఉక్కు స్కేలు మీద ముప్పై ఉన్నచోట చెక్క స్కేలు మీద ముప్పై రెండు ఉంది. మిగతా ఏడు స్కేళ్లూ అంతే. చివర అంకెలు మాసిపోయి ఇన్నాళ్లూ కంటబడలేదుగానీ, మొదటి రెండు సెంటీమీటర్లు ఒక్కదానికీ లేవు.

గాజు సామాను తుడుస్తున్న ముసలి అటెండరుని పిలిచింది. "బాబాయ్, ఈ స్కేళ్లేంటి ఇలా ఉన్నాయి?"

"బాగున్నాయి కదూ! చివర్లు పెచ్చులు లేచిపోతుంటే అన్నీ ఒకే తీరున రంపంతో కోసేశా తల్లీ. నున్నగా గీకి వార్నిష్ కూడా వేశా."

"ఎప్పుడు?"

"మా చిన్నదానికి పళ్లొచ్చేటప్పుడు. ఇప్పుడది తొమ్మిదో క్లాసు."

"ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదా?"

"ఎవరైనా కొలిస్తే కదమ్మా అడగడానికి!"

రెండు సెంటీమీటర్లు తీసేసి లెక్క కడితే తొమ్మిది పాయింటు ఏడు తొమ్మిది వచ్చింది. ఆమె స్కేలు పట్టుకుని మాస్టారి గదికి వెళ్లింది. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ముఖం మాడిపోయింది.

"సరేగానీ, ఈ సంగతి బయట అనకు. వచ్చే నెల తనిఖీ ఉంది," అని స్కేలు బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆమె రికార్డు మీద 'ఆలస్యం' అని రాసి పదికి నాలుగు వేశాడు. గుండుని ముట్టుకోని ఫస్ట్ ర్యాంకుకి తొమ్మిది.

ఆ వారమంతా దర్జీ కూతురు గదిలో అందర్నీ దుమ్మెత్తిపోసింది. కాపీరాయుళ్లట, గొర్రెలమందట. ఫస్ట్ ర్యాంకు వింటూనే సూత్రాలు వల్లించుకుంది.

ఈలోగా డ్రాయింగు షీటు ఇవ్వాల్సిన రోజు వచ్చిపడింది. ల్యాబులో గడిపిన మూడు వారాల్లో ఆమె డ్రాయింగు మొహం చూడలేదు. పొద్దున్నే ఫస్ట్ ర్యాంకు షీటుని కిటికీ అద్దానికి అంటించి, దాని మీద తన కాగితం పెట్టి, వెలుతురులో గీతలన్నీ దించేసింది. ఇది వేరే సంగతని తనకి తను చెప్పుకుంది. షీటు జారకుండా పై మూల పట్టుకున్నది ఫస్ట్ ర్యాంకే. ఒక్క మాటా అనలేదు. ఆ అనకపోవడమే దర్జీ కూతురి ఒళ్లు మండించింది.

డ్రాయింగు మాస్టారికి ఆ షీటు తెగ నచ్చింది. "రామ్మా, ఈ అడ్డకోత బొమ్మ ఎలా గీశావో బోర్డు మీద చూపించు," అన్నాడు.

చాక్‌పీసు పట్టుకుని నిలబడింది. ఎక్కడ మొదలెట్టాలో తెలియదు. అరవైమంది చూస్తున్నారు.

"నాకు రాదు సార్. అద్దం మీద దించాను."

"ఎవరిది?"

ఆమె చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది, ఆయన రెండో షీటుని ఇట్టే పట్టేశాడు. ఇద్దరికీ సున్నా. పైగా ఇద్దరూ పది షీట్లు కొత్తగా గీసుకు రావాలన్నాడు.

గదికి రాగానే ఫస్ట్ ర్యాంకు విరుచుకుపడింది. "నీ నిజాయితీకి నా మార్కులు బలా? ఆ షీటు నేను సొంతంగా గీశానే! నాలుగు రోజులు నడుం విరిగేలా గీశాను. ఇన్నాళ్లూ నన్ను దండకమన్నావు, గొర్రెనన్నావు, పడ్డాను. నువ్వేంటి మరి?"

లోకమంతటి మీదా ఉమ్మేసిన దర్జీ కూతురికి ఆ ఉమ్ము తన మొహానే పడింది. మర్నాడు డ్రాయింగు మాస్టారి దగ్గరికి వెళ్లి, తప్పు తనదేననీ, ఆ పిల్ల మార్కులు ఆ పిల్లకి ఇచ్చేయమనీ బతిమాలింది. ఆయన వినలేదు. "ఇచ్చినవాళ్లదీ తప్పే" అని పంపేశాడు.

ఫస్ట్ ర్యాంకు పది షీట్లూ ఐదు రోజుల్లో పూర్తిచేసింది. దర్జీ కూతురు రెండోదాని దగ్గరే చతికిలబడింది. వారంపాటు ఒకే గదిలో మాటల్లేవు. ఎనిమిదో రోజు సాయంత్రం ఫస్ట్ ర్యాంకు ఇక చూడలేక కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"పెన్సిలు చెక్కడం కూడా రాదటే నీకు? ఇది గీతా, వానపామా? చెరుపు."

దర్జీ కూతురు చెరిపింది.

"మళ్లీ చెరుపు. నీలాంటిదానికి సీటెవడిచ్చాడో!"

ఆమె మళ్లీ చెరిపి, పెన్సిలు చెక్కుకుని, ఫస్ట్ ర్యాంకు వేలు పెట్టి చూపించిన చోటునుంచి గీత మొదలుపెట్టింది.