పారబోత దగ్గర లైను

మా కారవాన్‌లో పనులకు రంగులున్నాయి. నీలం పనులు మగవాళ్లవి, గులాబీ పనులు ఆడవాళ్లవి. మేం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. దక్షిణాన మా ఊరు బల్లరాట్ చలి తప్పించుకోవడానికి బండి వెనక ఇల్లు తగిలించుకుని ఎండలుండే ఉత్తరానికి బయల్దేరే ప్రతి ముసలి జంటా ఇలాగే పంచుకుంటుంది. మా ఆయన నోయెల్ లెక్కలో కారవాన్ బయట ఉన్నదంతా నీలం, లోపల ఉన్నదంతా గులాబీ.

"మరి బట్టలుతికే గది బయటే కదా?" అని మొదటి రోజే అడిగాను.

"గది బయటిదే. బట్టలు లోపలివి" అన్నాడు.

ఉద్యోగమంతా పొలాలకు సరిహద్దు రాళ్లు పాతించిన సర్వేయరు. గీతలు గీసే విషయంలో అతనితో వాదించి నెగ్గినవాళ్లను నేను చూడలేదు.

మా చెల్లెలు డోరీన్‌కు ఈ ప్రయాణమంటే కొబ్బరిచెట్లూ ఊయలలూ. ఫోన్ చేసినప్పుడల్లా "ఇవాళ ఏం చూశావే?" అంటుంది. చూసినవే చెబుతాను. ఒక ఊళ్లో వాషింగ్ మెషీన్ పైనుంచి తెరుచుకుంటుంది, ఇంకో ఊళ్లో ముందునుంచి. ఒకదాంట్లో నాణేలు వేస్తే తిరుగుతుంది, మరోదాంట్లో నాణేలు వేసి తన్నాలి. పొద్దున తొడిగిన చొక్కా టిఫిన్ వేళకే ఒంటికి అతుక్కుంటుంది. ఉతికి ఆరేస్తే ఎర్రదుమ్ము పట్టి, మళ్లీ ఉతకమంటుంది. రొట్టె బయట పెడితే మధ్యాహ్నానికి పెంకులా ఎండుతుంది. ఎండేదాకా ఆగకుండా వాలబీ కంగారూలు ఎత్తుకుపోతాయి. తాగే నీళ్లు పట్టడం, గ్యాసు సిలిండర్ మార్పించడం, అరవై మైళ్ల అవతల ఉన్న ఊరికి పాలకోసం పోవడం, ఇవన్నీ అయ్యేసరికి ఉష్ణమండలం చీకటి పడి కూర్చుంటుంది.

నేను ఇన్నిటికీ తల ఊపింది ఒక్కదాని కోసం. కాథరీన్ అనే ఊరు దాటి కిందికి వస్తే, మేం దిగిన ఈ కారవాన్ పార్కు వెనక తాటితోపులో ఒక వేడినీటి ఊట ఉంది. దాని బొమ్మ ఏదో పత్రికలోంచి కత్తిరించి, ఇంట్లో ఫ్రిజ్ మీద అతికించుకున్నాను. పచ్చటి నీలం నీళ్లు, అప్పుడే పితికిన పాలంత వెచ్చన. నా మోకాళ్లు రెండూ పాత తలుపు బందుల్లాంటివి. చలికాలం ఇంట్లో అవి చేసే చప్పుడుకు కుక్క లేచి మొరుగుతుంది. ఆ నీళ్లలో మెడదాకా ఒక్కసారి కూర్చోవాలి. నా కోరిక అంతే.

ఊట మా బండికి కూతవేటు దూరం. వచ్చి వారం దాటినా నేను దాని మొహం చూడలేదు. కారణం డాట్. అదే మా కుక్క. కుక్కల్ని ఊట దగ్గరికి రానివ్వరు. బండి దగ్గర ఒంటరిగా కట్టేసి పోవడానికీ వీల్లేదు, పార్కు మేనేజరమ్మ ఊరుకోదు. డాట్ ఒంటరిగా ఉంటే ఏడ్చే ఏడుపు విన్నవాళ్లెవరూ మేనేజరమ్మది తప్పనరు. కాబట్టి ఎవరో ఒకరు కాపలా ఉండాలి. పొద్దున్నే వెళ్దామంటే నోయెల్‌కు పెట్టె పని. అతను తిరిగొచ్చేసరికి ఎండెక్కుతుంది, ఆపైన టూరిస్టు బస్సులు వచ్చి ఊటను నింపేస్తాయి.

పెట్టె అంటే మరుగుదొడ్డి పెట్టె. కారవాన్‌లో దొడ్డి కింద, సూట్‌కేసులా చక్రాలూ పిడీ ఉన్న పెట్టె ఒకటుంటుంది. నిండితే ఎర్ర దీపం వెలుగుతుంది. దాన్ని పార్కు చివర పారబోత దగ్గరికి లాక్కెళ్లి, కుమ్మరించి, కడిగి, నీలం మందు పోసి తేవాలి. నీలం పనులన్నిటిలోకి నీలమైన పని. దాన్ని నోయెల్ ఏనాడూ తప్పించుకోలేదు. ఎర్ర దీపం కోసం కూడా ఆగేవాడు కాదు. తెల్లారగానే టోపీ పెట్టుకుని, పెట్టె గరగరలాడించుకుంటూ పోయేవాడు. తిరిగొచ్చేటప్పుడు షార్ట్స్ తడిసి ముద్దయి ఉండేవి.

"ఇంతసేపా?" అనేదాన్ని.

"లైను. ఇవాళ మరీ పొడుగు."

"ఆ తడేంటి?"

"గొట్టంలో ప్రెషర్ గ్లెనిస్, నీకేం తెలుసు. తిప్పగానే పాములా పైకి లేస్తుంది."

నాకు జాలేసేది. రెండు గుడ్లు, బేకన్ వేయించి ముందు పెట్టేదాన్ని. షార్ట్స్ ఉతికేదాన్ని.

పక్క కారవాన్ రేలీన్‌దీ ఇదే కథ. ఆమె మొగుడు కెల్విన్ కూడా పొద్దున్నే పెట్టె లాక్కుని పోయి, తడిసి వచ్చేవాడు. ఇద్దరం బట్టలగదిలో మెషీన్ల ముందు కూర్చుని మగవాళ్ల కష్టం చెప్పుకునేవాళ్లం. ఒకరోజు కెల్విన్ షార్ట్స్ జేబులోంచి రేలీన్ పచ్చటి నాచుపోగు ఒకటి లాగింది.

"పారబోత దగ్గర నాచేంటి?" అన్నాను.

"తడి ఉన్నచోట నాచుండదా తల్లీ. పాపం, ఎలాంటి చోట నిలబడి చేస్తున్నారో చూడు" అంది రేలీన్.

నాకు రసాయనశాస్త్రంలో డిగ్రీ ఉంది. ఆ షార్ట్స్‌కు మందు వాసన ఎందుకు రావడం లేదని ఆ డిగ్రీ ఒక్కసారైనా అడగలేదు.

శుక్రవారం పొద్దున బయల్దేరాలి. గురువారం పొద్దున నోయెల్ నడుం పట్టేసింది. కారవాన్ జాకీ ఎత్తుతుంటే పట్టేసిందని రేలీన్‌తో చెప్పాడు. ఐసు పెట్టె అడుగునుంచి బీరు సీసా తీయబోవడం నేను చూశాను. సరే, ఐసు పెట్టె బయటే ఉంటుంది కాబట్టి అదీ నీలం పనే. లోపలికి తెచ్చి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాను. డాట్ పోయి అతని చంకలో దూరి, మొహం నాకి, అక్కడే పడుకుంది. అప్పుడు వెలిగింది ఎర్ర దీపం.

"పెట్టె నిండింది" అన్నాను.

నోయెల్ లేవబోయి, మూలిగి, మళ్లీ పడుకున్నాడు. "ఉండనీ. కెల్విన్‌తో చెబుదాం."

"కెల్విన్ తన పెట్టె తీసుకుని ఎప్పుడో పోయాడు."

"అయితే రేపు చూద్దాం."

"రేపటిదాకా ఏం చేద్దామంటావు? నోరు కట్టుకోమంటే కట్టుకుంటాను."

"అది నీ పని కాదు గ్లెనిస్. నీలం పని." అతని గొంతులో నేను ఎన్నడూ వినని కంగారు. "లైను పెద్దదుంటుంది. నీ మోకాళ్లతో నిలబడలేవు."

"కుర్చీ పట్టుకెళ్తా."

"గొట్టం ప్రెషర్..."

"పాముల్ని చూడని దేశమా మనది" అని, టోపీ పెట్టుకుని, పెట్టె బయటికి లాగాను.

"గ్లెన్, ఒక మాట విను" అని వెనకనుంచి పిలిచాడు. డాట్ అతని నోరు నాకుతుండడంతో ఆ మాటేమిటో తెలియలేదు.

పారబోత దగ్గర ఎవరూ లేరు. ఒక సిమెంటు పలక, మూత, పక్కన కుళాయి. కుళాయికి మూరెడు గొట్టం వేలాడుతోంది. భయపడుతూ దూరంగా నిలబడి, చెయ్యి చాచి తిప్పాను. ముసలాయన నోరు పుక్కిలించినంత నీళ్లు వచ్చాయి. ఎంత తిప్పినా అంతే. పెట్టె కుమ్మరించి, కడిగి, మందు పోసి మూత పెట్టేసరికి, ఇంట్లో పొయ్యిమీద కెటిల్ పెట్టి వచ్చి ఉంటే అది ఇంకా మరిగి ఉండదు. నా గౌను మీద ఒక్క చుక్క పడలేదు.

సరే, లైను ఇంకా రాలేదేమో అనుకున్నాను. అప్పుడు నేల చూశాను. ఎర్రమట్టిలో చక్రాల జాడలు. చిన్న చక్రాలు, జంటలు జంటలుగా, బోలెడు. అన్నీ కుళాయి దాకా వచ్చి, అక్కణ్నుంచి కారవాన్ల వైపు తిరగకుండా, తాటితోపులోకి పోతున్నాయి.

నేనూ పెట్టె లాక్కుంటూ వాటి వెంట పోయాను. తోపులో మొదట కనబడింది ఒక బోర్డు. ఇక్కడి మంచినీటి మొసళ్లు మనుషుల్ని పట్టించుకోవని రాసుంది. ఆ సంగతి మొసళ్లకు ఎవరు చెప్పారో రాయలేదు. బోర్డు దాటగానే పెట్టెలు. కడిగి, తుడిచి, నీడపట్టున పెళ్లింటి ముందు చెప్పుల్లా వరసగా పెట్టి ఉన్నాయి. ఆ వరస వెనక నీళ్లు. ఫ్రిజ్ మీద బొమ్మకంటే పచ్చగా, సన్నగా ఆవిరి లేస్తూ.

నీళ్ల మీద టోపీలు తేలుతున్నాయి. టోపీల కింద మగవాళ్లు. ఒకడు రగ్బీ గురించి చెబుతున్నాడు. నన్ను చూసి మధ్యలో ఆపేశాడు. అది కెల్విన్.

"గ్లెనిస్" అన్నాడు, గడ్డం నీళ్లలోకి దించుకుంటూ.

"లైను ఇక్కడుందా కెల్విన్? పాపం, అక్కడ వెతుకుతున్నా."

పైన కొమ్మల్లో గబ్బిలాలు కిచకిచలాడుతున్నాయి. చివరికి టాస్మేనియా నుంచి వచ్చిన పెద్దాయన ఒకడు టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇవాళ కొంచెం పొడుగేనమ్మా లైను" అన్నాడు.

"కనబడుతూనే ఉంది."

"నోయెల్ రాలేదే?" అని అడిగాడు పక్కన ఇంకొకడు. కెల్విన్ నీళ్లకిందే అతన్ని తన్నాడనుకుంటా, "అబ్బా" అన్నాడు.

"నడుం పట్టేసింది" అన్నాను.

"అదీ సంగతి. ఆ వేరు దగ్గర అతని చోటు ఖాళీగా ఉంటే, ఏమైందా అనుకుంటున్నాం" అన్నాడు పెద్దాయన. అతనికి అబద్ధమాడే ఓపిక లేనట్టుంది.

చూశాను. గట్టున మొగలిపొద వేరొకటి కుర్చీ చేతిలా వంగి నీళ్లలోకి దిగింది. దాని కొసకు నా నీలం ఎనామిల్ మగ్గు తగిలించి ఉంది. ఇక్కడికి వచ్చిన మర్నాడే పోయిందది. వాలబీలు ఎత్తుకుపోయి ఉంటాయని నోయెల్ అన్నాడు. నేను వాలబీలను తిట్టాను కూడా.

మా పెట్టెను వరసలో చివర నిలబెట్టాను. చెప్పులు విడిచాను. టోపీ తీయలేదు; ఇక్కడి పద్ధతి అదేలా ఉంది. గౌనుతోనే మెట్టు మీద కాలు పెట్టి, వేరు పట్టుకుని, నోయెల్ చోట్లో కూర్చున్నాను.

ఆ నీళ్ల గురించి ఎక్కువ రాయను. మోకాళ్లు నావేనా అని కిందికి తొంగి చూసుకున్నానంటే చాలు. అడుగున ఇసుకలోంచి వెచ్చటి నీరు ఎగదన్ని అరికాళ్లను ఎత్తుతోంది. కాసేపు నా కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి గానీ, అక్కడ అందరూ తడిగానే ఉన్నారు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

"గ్లెనిస్, ఈ లైను సంగతి రేలీన్‌తో..." అన్నాడు కెల్విన్ చాలాసేపటి తర్వాత.

"నువ్వే చెబుతావా?"

"నేనా? నేనెందుకు చెబుతాను?"

"మరి నేనెందుకు చెబుతాను? నీలం పనుల్లో నేను వేలు పెట్టను. ఆ రగ్బీ సంగతి పూర్తి చెయ్యి. ఎవరు గెలిచారు?"

వాళ్లు మెల్లగా తేరుకున్నారు. కెల్విన్ మాత్రం గెలిచిందెవరో మర్చిపోయాడు.

మగ్గు పట్టుకుని, పెట్టె లాక్కుని తిరిగొచ్చాను. గౌనులోంచి నీళ్లు మెట్ల మీద ధారకట్టాయి. నోయెల్ నేలమీదే ఉన్నాడు. తల తిప్పి నన్ను పాదాల దగ్గర్నుంచి టోపీ దాకా చూశాడు.

"గొట్టం" అన్నాను.

అతని చూపు నా చేతిలో మగ్గు మీద ఆగింది.

"ప్రెషర్ నువ్వు చెప్పినట్టే ఉంది. పాములా లేచింది."

"లైను ఉందా?" అన్నాడు, పైకప్పుతో.

"ఉంది. టాస్మేనియా పెద్దాయన నిన్ను అడిగానని చెప్పమన్నాడు."

వంగి, మగ్గును అతని చెవి పక్కన నేలమీద పెట్టాను. నా మోకాళ్లు చప్పుడు చేయలేదు. డాట్ మగ్గు వాసన చూసి తోక ఊపింది. నోయెల్ పైకప్పుకు కొత్తగా సరిహద్దులు వేస్తున్నవాడిలా అటునుంచి ఇటు చూస్తూ ఉండిపోయాడు.

నేను రెండు గుడ్లు, బేకన్ వేయించుకున్నాను. నీలం పనికి ఆకలెక్కువ.

నడుం నొప్పితో బండి నడపడం కుదరదు కాబట్టి శుక్రవారం ప్రయాణం ఆగిపోయింది. పెట్టె పని నాదైంది. నిలబడి చేయగలిగిన పని ఒక్కటే ఉందని రేలీన్ చెప్పడంతో నోయెల్ బట్టలగదికి మారాడు. డాట్ గుమ్మంలో కాపలా. రేలీన్‌కు నేను నిజంగానే ఏమీ చెప్పలేదు. "కెల్విన్ అలిసిపోతున్నాడు పాపం, రేపు ఆ పెట్టె నువ్వే తీసుకెళ్లు. టోపీ మాత్రం మర్చిపోకు" అన్నానంతే. మర్నాడు ఆమె చక్రాల జాడల వెంట వచ్చి, గట్టున నిలబడి చాలాసేపు నోరు తెరవలేదు. తెరిచాక, రగ్బీ కబుర్లకు రెండు రోజులు సెలవు.

నోయెల్ తిన్నగా నిలబడగలిగిన రోజు, తెల్లారగానే పెట్టె పిడి మీద చెయ్యి వేశాడు.

"నడుం తగ్గిపోయింది. ఇవాళ నేను తీసుకెళ్తాలే."

"వద్దు. లైను పెద్దదుంటుంది. నిలబడలేవు."

"నిలబడతా."

"మరి డాట్‌ని ఎవరు చూస్తారు? బట్టలు నానబెట్టి ఉన్నాయి."

నోయెల్ డాట్ వైపు చూశాడు. డాట్ నోయెల్ వైపు చూసింది. అతని చెయ్యి పిడి మీదనుంచి మెల్లగా జారింది. నేను టోపీ పెట్టుకుని, గరగరలాడించుకుంటూ నాలుగడుగులు వేశానో లేదో, వెనక కిటికీ తెరుచుకుంది.

"గ్లెన్."

తిరిగి చూశాను. నోయెల్ కిటికీలోంచి చెయ్యి చాచాడు. చేతిలో నీలం ఎనామిల్ మగ్గు.

"దీన్ని మర్చిపోయావు" అన్నాడు. "వేరు కొసన తగిలించు. కిందికి పెడితే నీళ్లలో పడిపోతుంది."